ఇంట్లో కష్టాలు ఉన్నప్పుడు పిల్లల మనసు నిలదొక్కుకోవాలంటే

ఇంట్లో ఒక కష్టం రాగానే పిల్లల మనసు దెబ్బతింటుందేమోనని తల్లిదండ్రులు బెంబేలెత్తిపోతారు. ఒక్క కష్టం పిల్లల్ని కుంగదీయడం తక్కువే. గోరుచుట్టు మీద రోకలిపోట్లు వరసగా పడితేనే చిక్కు. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు మైకేల్ రటర్ 1970లలో కుటుంబంలోని ఆరు ప్రతికూలతలను లెక్కలోకి తీసుకున్నాడు: తల్లిదండ్రుల మధ్య తీవ్రమైన గొడవలు, అడుగున ఉన్న ఆర్థిక సామాజిక స్థాయి, ఇరుకింట్లో పెద్ద కుటుంబం, తండ్రికి నేరచరిత్ర, తల్లికి మానసిక జబ్బు, బిడ్డ ఇల్లు వదిలి వేరేచోట సంరక్షణలో పెరగాల్సి రావడం. వీటిలో ఒకటే ఉన్న పిల్లలకూ ఏదీ లేని పిల్లలకూ పెద్ద తేడా కనబడలేదు. రెండు కలిస్తే మానసిక సమస్యల ముప్పు నాలుగు రెట్లయింది. నాలుగు కలిస్తే ఇంకా బాగా పెరిగింది.

ఈ లెక్కలో తల్లిదండ్రులకు ఒక ఊరట ఉంది. అన్నీ ఒకేసారి చక్కబెట్టక్కర్లేదు. మోపులోంచి ఒక కట్టె తీసినా మోసేవాడికి తెలుస్తుంది.

ముందు మోపులో ఏముందో చూడండి

పిల్లలు నిద్రపోయాక ఒక అరగంట కూర్చుని, గడిచిన ఏడాదిలో ఇంట్లో వచ్చిన మార్పులన్నీ కాగితం మీద రాయండి. ఉద్యోగం పోవడం, ఇల్లు మారడం, జబ్బు, చావు, అప్పు, గొడవలు, బడి మారడం, ఏదీ వదలొద్దు. పక్కనే రెండు గడులు గీయండి: మన చేతిలో ఉన్నది, లేనిది. ఉద్యోగం పోవడం రెండో గడిలోకి వెళ్తుంది. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి రాత్రిపూట వేస్తున్న కేకలు మాత్రం మొదటి గడిలోవే.

ఇలా విడదీయడానికి కారణం ఉంది. 1980లలో అమెరికాలోని అయోవాలో వ్యవసాయం దెబ్బతిన్నప్పుడు రాండ్ కాంగర్ బృందం అక్కడి కుటుంబాలను పరిశీలించింది. డబ్బు ఇబ్బంది పిల్లలకు చాలావరకు తల్లిదండ్రుల ద్వారానే తగులుతోందని తేలింది. ముందు పెద్దవాళ్లు దిగులు పడతారు, తర్వాత ఒకరి మీద ఒకరు విరుచుకుపడతారు, ఆ విసుగు చివరికి పిల్లల మీదకు మళ్లుతుంది. ఈ గొలుసును మధ్యలో ఎక్కడ తెంపినా మేలే. మొదటి గడిలోంచి ఒకే ఒక్కటి ఎంచుకుని ఆరు వారాలు దాని మీదే పని చేయండి. మూడు మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా రెండో వారానికల్లా మూడూ వదిలేస్తారు.

గొడవ తర్వాత చేయాల్సిన పని

పిల్లల ముందు అసలు గొడవ పడొద్దనే సలహా వినడానికి బాగుంటుంది, ఆచరణలో నిలవదు. పైగా మాటలు ఆపేసి మూతులు ముడుచుకున్నా పిల్లలు ఇట్టే పసిగడతారు. ఎక్కువ హాని చేసేవి మూడు: తెగకుండా సాగే గొడవ, పిల్లల గురించే జరిగే గొడవ, పిల్లల్ని రాయబారిని చేసే గొడవ. మార్క్ కమ్మింగ్స్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాల్లో, పెద్దవాళ్లు రాజీపడ్డారని చూసిన పిల్లల్లో కలవరం బాగా తగ్గింది. రాజీ కళ్లారా చూడకపోయినా, తర్వాత ఎవరైనా చెబితే కొంత మేలు కనబడింది.

అందుకని గొడవ జరిగిన రోజే, బిడ్డ నిద్రపోయేలోపు మూడు మాటలు చెప్పండి. ఏం జరిగింది, అది నీ వల్ల కాదు, ఇప్పుడు ఏమనుకున్నాం. ఉదాహరణకు: "పొద్దున నేనూ నాన్నా డబ్బు విషయంలో గట్టిగా అరుచుకున్నాం. అందులో నీ తప్పేమీ లేదు. ఈ నెల ఖర్చులు ఇద్దరం కూర్చుని రాసుకోవాలని అనుకున్నాం." ఇంతే. ఇంకాస్త పొడిగిస్తే సంజాయిషీ అవుతుంది, ఆపైన ఎదుటివారి మీద ఫిర్యాదవుతుంది. రాజీ కుదరకపోతే కుదిరిందని అబద్ధం చెప్పకండి. "ఇంకా తేలలేదు, రేపు మళ్లీ మాట్లాడుకుంటాం" అంటే చాలు. "నువ్వే చెప్పు, తప్పెవరిది?" అని మాత్రం ఎన్నడూ అడగొద్దు.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ముందు భద్రత, తర్వాతే మాటలు. మధ్యలోకి రాకుండా ఎటు వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో పిల్లలకు ముందే నేర్పాలి. సాయం చేసే సంస్థలను వీలైనంత త్వరగా కలవాలి.

అమ్మకో నాన్నకో డిప్రెషన్ ఉంటే

పెద్దవాళ్లు తమ వైద్యాన్ని వాయిదా వేస్తూ బిడ్డను మాత్రం కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లడం తరచూ జరిగే పొరపాటు. మిర్నా వైస్‌మన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సతో మూడు నెలల్లో డిప్రెషన్ తగ్గిన తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలు తగ్గాయి. తగ్గని తల్లుల పిల్లల్లో పెరిగాయి. మీ మందులు మీరు వేసుకోవడం కూడా పిల్లల పెంపకంలో భాగమే.

విషయం దాచితే పిల్లలు తమనే నిందించుకుంటారు. జబ్బు పేరు చెప్పండి, అది నీ వల్ల రాలేదని చెప్పండి, తగ్గించే బాధ్యత నీది కాదని చెప్పండి. బడి నుంచి ఎవరు తీసుకొస్తారో, అన్నం ఎవరు పెడతారో కూడా చెప్పండి. చిన్నపిల్లలకు అన్నిటికంటే అవసరమైన సమాచారం అదే. పదమూడు దాటినవాళ్లు "నాకూ వస్తుందా?" అని అడగొచ్చు. అవకాశం కొంచెం ఎక్కువే, కానీ వచ్చి తీరాలని లేదు, వస్తే చికిత్స ఉంది అన్నది నిజాయతీగల జవాబు.

మారని పని ఒకటి, మారని మనిషి ఒకరు

మద్యపానం సమస్య ఉన్న కుటుంబాలను స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్ పరిశీలించారు. కలిసి భోంచేయడం లాంటి అలవాట్లు చెదరకుండా నిలిచిన ఇళ్లలో ఆ సమస్య పిల్లల తరానికి తక్కువగా పాకింది. ఒక పూట భోజనమో, పడుకునే ముందు పావుగంట కబుర్లో ఎంచుకోండి. ఫోన్లు పక్కగదిలో ఉండాలి. వారానికి నాలుగు రోజులని పెట్టుకుని నిలుపుకోండి. ఏడు రోజులని పెట్టుకుని తప్పితే, మాట నిలవదనే పాఠమే పిల్లలకు మిగులుతుంది. నిద్రనూ గమనించండి. 6–12 ఏళ్లవారికి రోజుకు 9–12 గంటలు, 13–18 ఏళ్లవారికి 8–10 గంటలు కావాలి. కలతల ఇంట్లో ముందు కరువయ్యేది నిద్రే. దాంతో వచ్చే చిరాకును మనం అల్లరి అనుకుంటాం.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాలపాటు గమనించారు. పుట్టుక నుంచే అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది సమర్థులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో తరచూ కనిపించింది, తమను పట్టించుకునే ఒక్క పెద్ద మనిషి: తాతో అమ్మమ్మో, పిన్నో, టీచరో. అలాంటి మనిషిని మీరే వెతికి అడగొచ్చు. "అప్పుడప్పుడు వస్తూ ఉండండి" అంటే ఎవరూ రారు. "ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట వీడితో గడుపుతారా?" అని అడగండి.

కవాయిలో అలా నిలదొక్కుకున్న పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఏదో ఒక బాధ్యత కూడా ఉండేది. దీనికీ ఒక హద్దుంది. చెల్లిని ఒక గంట చూసుకోవడం బిడ్డకు బలం. రోజూ రాత్రి తల్లి గోడు వినడం బరువు.

సాయం ఎప్పుడు తీసుకోవాలి

అల్లరి చేసే బిడ్డను అందరూ గమనిస్తారు. ఉన్నట్టుండి మరీ బుద్ధిమంతుడైపోయినవాణ్ని ఎవరూ పట్టించుకోరు. నిద్ర, తిండి, చదువు, స్నేహాల్లో రెండు వారాలకు మించి మార్పు ఉంటే డాక్టర్‌ను కలవండి. చిన్నవాళ్లలో బడికి వెళ్లే పొద్దుటే వచ్చే కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం గమనించాలి. టీనేజర్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగా బయటపడుతుంది.

చచ్చిపోవాలనే మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చూపించండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. మాత్రలు, పురుగుమందులు, పదునైన వస్తువులు ఇంట్లోంచి తీసేయండి. డాక్టర్ చూసేదాకా బిడ్డ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. వెళ్లేటప్పుడు మొదట రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. మార్పు ఏ నెలలో మొదలైంది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది అన్నవి డాక్టర్ తప్పకుండా అడిగే ప్రశ్నలు. ఆ హడావుడిలో జవాబులు గుర్తు రాకపోవచ్చు.