ఒత్తిడికి సుగంధ తైలాలు: ఎన్ని చుక్కలు, ఎప్పుడు, ఎలా

ఎసెన్షియల్ ఆయిల్ వాడితే తల బరువెక్కిందనో, చర్మం మండిందనో చెప్పేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. చుక్కల్లో వాడాల్సినదాన్ని మామూలు నూనెలా ఒంపేస్తారు. కిలోల కొద్దీ పూలనో, వేర్లనో ఆవిరి పట్టి తీసిన సారం ఇది. వాసన లేతగా ఉండాలి, ఊపిరి నెమ్మదిగా ఆడాలి, రోజూ ఒకే వేళకు జరగాలి. ఈ మూడూ కుదిరితేనే మనసు కాస్త కుదుటపడుతుంది. లావెండర్ వాసన పీల్చినవాళ్లలో ఆందోళన కొంత తగ్గినట్టు చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. ఆ మేలు మోస్తరుదే కాబట్టి దీన్ని మందులకు బదులుగా వాడకూడదు.

వాసన కబురు ముక్కు నుంచి మెదడులో భయాన్ని, జ్ఞాపకాన్ని చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. స్థిమితంగా ఉన్న వేళ రోజూ ఒకే వాసన పీలుస్తుంటే, కొన్నాళ్లకు ఆ వాసన తగలగానే ఒళ్లు నెమ్మదించడం అలవాటు చేసుకుంటుంది. హన్మకొండలో కోచింగ్ తీసుకునే పిల్లలు పరీక్ష రోజు పొద్దున మొదటిసారి సీసా తెరిస్తే పెద్దగా లాభం ఉండదు. రెండు మూడు వారాల ముందు నుంచే, చదువు ముగించి పడుకునే ముందు పీల్చడం మొదలుపెట్టాలి.

కొనేటప్పుడు

మొదట రెండు సీసాలు చాలు: లావెండర్, వట్టివేరు. లావెండర్ చలి ప్రాంతపు పంట. జమ్మూకశ్మీర్‌లోని డోడా జిల్లాలో పండిస్తున్నారు. వట్టివేరు, నిమ్మగడ్డి, గులాబీని పోలిన వాసనుండే పామరోజా గడ్డి మన తెలంగాణ నేలల్లోనూ పెరుగుతాయి. వట్టివేరు తడకల మీద నీళ్లు చల్లుకునే ఇళ్లలో ఆ వాసన ఇప్పటికే చల్లదనంతో ముడిపడి ఉంటుంది. అలాంటివాళ్లకు లావెండర్ కంటే ఇదే బాగా పనికొస్తుంది.

సీసా ముదురు రంగు గాజుది కావాలి. దాని మీద మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబర్, తేదీ ఉండాలి. లావెండర్‌కు 'లావాండులా ఆంగుస్టిఫోలియా' అని రాసి ఉందేమో చూడండి. 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్', 'పర్ఫ్యూమ్ ఆయిల్' అని ఉన్నవి ఈ పనికి వద్దు. ఒక కంపెనీ అన్ని రకాల తైలాలనూ ఒకే ధరకు అమ్ముతుంటే అనుమానించండి. ఏ రెండు మొక్కల దిగుబడీ, ఖర్చూ ఒకేలా ఉండవు. ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క లావెండర్ వేసి, మరునాడు చూడండి. జిడ్డు మరక మిగిలితే వేరే నూనె కలిసిందన్నట్టే. వట్టివేరుకు ఈ పరీక్ష చెల్లదు. అది చిక్కటి తైలం, అసలుదైనా మరక ఉంటుంది. చుక్క త్వరగా పడకపోతే సీసాను రెండు నిమిషాలు అరచేతుల్లో పట్టుకుంటే చాలు, వేడి చేయకండి.

పీల్చడం

అన్నిటికంటే చవకైన, నమ్మదగిన పద్ధతి ఇదే. చిన్న గాజు సీసాలో దూది ఉండ పెట్టి, దాని మీద 8 చుక్కల లావెండర్, 2 చుక్కల వట్టివేరు వేసి మూత బిగించండి. మందుబిళ్లల ప్లాస్టిక్ డబ్బా వాడొద్దు, తైలం కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. రుమాలు మీదైతే ఒక్క చుక్క చాలు. తెల్ల రుమాలుకు వట్టివేరు గోధుమరంగు మరక అంటిస్తుంది.

కూర్చుని వీపు ఆనించుకోండి. మూత తీసి సీసాను ముక్కుకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఇలా పదిసార్లు చేసి మూత పెట్టేయండి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. సగం పని చేసేది ఆ ఊపిరే, అందుకే లెక్క తప్పించొద్దు. కొద్దిసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడుతుంది. వాసన పోయిందనుకుని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు, తలనొప్పి, వికారం మొదలయ్యేది అక్కడే. దూది మీద వారానికోసారి కొత్త చుక్కలు వేసుకుంటే సరిపోతుంది.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు గనుల్లో రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునేవాళ్లు కిటికీలకు మందపాటి పరదాలు వేసుకుని, మంచమెక్కాకే సీసా తెరవాలి. బండి నడిపేటప్పుడు వద్దు.

మెడ, భుజాలకు రాసుకునే నూనె

20 చుక్కలు సుమారు 1 మి.లీ. అవుతాయి. నూటికి రెండు వంతుల మోతాదుకు 30 మి.లీ. మామూలు నూనెలో 12 చుక్కల తైలం పడుతుంది. వృద్ధులకు, చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు 6 చాలు. నిమ్మగడ్డి తైలం చర్మాన్ని తొందరగా మండిస్తుంది, 30 మి.లీ.కి 4 చుక్కలు దాటించకండి. నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసే బెర్గమాట్ తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కవచ్చు. మన ఎండలకు దాన్ని పీల్చడానికే ఉంచుకోవడం మేలు.

కలిపే నూనె సంగతి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది, చలికాలంలో సీసాలోంచి రాదు. గానుగ నువ్వుల నూనె ఏడాదంతా బాగుంటుంది. కాకపోతే దాని వాసన లావెండర్‌ను కప్పేస్తుంది, వట్టివేరుతో మాత్రం చక్కగా పొత్తు కుదురుతుంది. ముందు సీసాలో చుక్కలు వేసి, తర్వాత నూనె పోసి, అరచేతుల మధ్య దొర్లించండి. పైన తేదీ రాసి, రెండు మూడు నెలల్లో వాడేయండి.

మొదటిసారి మోచేతి లోపలివైపు రెండు చుక్కల మిశ్రమం రాసి 24 గంటలు చూడండి. దురద, ఎర్రదనం లేకుంటే అర చెంచా తీసుకుని, చెవి కింది నుంచి భుజం చివరిదాకా నెమ్మదిగా జారుస్తూ ఐదు నిమిషాలు రుద్దండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు, సిరిసిల్ల మగ్గాల దగ్గర నిలబడేవాళ్లకు బిగుసుకుపోయేది ఇక్కడే. బీడీలు చుట్టినవాళ్లు ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గోళ్ల సందున ఉన్న పొగాకు ధూళి నూనెతో పాటు మెడకు అంటుకుంటుంది.

బకెట్ నీళ్లలో, కూలర్‌లో

స్నానం బకెట్లో చుక్కలు వేసుకోమని చాలామంది చెబుతారు. తైలం నీళ్లలో కలవదు, పైనే తేలుతుంది. చెంబు ముంచి పోసుకున్నప్పుడు పలచన కాని చుక్క నేరుగా చర్మానికి, కళ్లకు తగులుతుంది. దాని బదులు పైన చెప్పిన నూనెను స్నానానికి పావుగంట ముందు రాసుకోండి, బాత్‌రూమ్ గచ్చు జారుతుందని గుర్తుంచుకోండి. కూలర్ ట్యాంకులోనూ వేయొద్దు. మోటారు, ప్లాస్టిక్, గడ్డి అన్నీ జిడ్డెక్కుతాయి. తైలం కలిపిన నీళ్లను పొగమంచులా గదిలోకి వదిలే డిఫ్యూజర్ ఉంటే 100 మి.లీ. నీళ్లకు 3 చుక్కలు వేసి అరగంట నడిపి ఆపండి, తలుపు ఓరగా తెరిచే ఉంచండి. బోరునీళ్లతో తెల్లటి పొర పేరుకుని పొగమంచు తగ్గిపోతుంది కాబట్టి ఫిల్టర్ నీళ్లు పోయండి. దోమల చక్రం, అగరుబత్తీ వెలిగించిన గదిలో ఇది కూడా పెట్టొద్దు.

వాడకూడనివాళ్లు

రెండేళ్లలోపు పిల్లలు, పిల్లులు ఉన్న గదిలో డిఫ్యూజర్ వద్దు. చిన్నపిల్లల ముఖానికి, ఛాతీకి నీలగిరి, పుదీనా తైలాలు, కర్పూరం రాయొద్దు, ఊపిరికే ఇబ్బంది రావచ్చు. గర్భిణులు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే వాడాలి. ఏ తైలాన్నీ తాగకూడదు. పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో పడితే పావుగంట పాటు మంచినీళ్లతో కడగాలి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, సీసా పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

దాచుకోవడం

గాలి, వెలుతురు, వేడి తైలాన్ని పాడుచేస్తాయి. పాతబడిన లావెండర్, నిమ్మ తైలాలు చర్మానికి ఎలర్జీ తెప్పిస్తాయి. మే నెలలో 44 డిగ్రీలు కాసే ఊళ్లో రేకుల గదిలోనో, బండి డిక్కీలోనో సీసా ఉంచొద్దు. డబ్బాలో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, పిల్లలకు అందకుండా. నిమ్మజాతి తైలాలు తెరిచాక ఏడాదిలోపు, లావెండర్ రెండేళ్లలోపు వాడాలి. వట్టివేరు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది, పాతబడేకొద్దీ దాని వాసన మెత్తబడుతుంది. లావెండర్ టర్పెంటైన్‌లా (పెయింట్‌లో కలిపే ద్రావకంలా) ఘాటెక్కితే ఒంటికి రాయకండి. మిగిలింది ఇసుకలోనో, రంపపు పొట్టులోనో ఇంకించి చెత్తలో వేయండి, పొయ్యి దగ్గర పెట్టొద్దు.