చరిత్ర జవాబులో కథ ఉంది, విశ్లేషణ లేదు: లోపం ఎక్కడ, దిద్దడం ఎలా?

పేర్లు, తేదీలు అన్నీ సరిగ్గా ఉన్నా జవాబు వెలితిగా అనిపించినప్పుడు, విద్యార్థికి భాష చాలలేదని సరిపెట్టుకోవడం ఉపాధ్యాయులకు అలవాటు. నా దృష్టిలో చాలాసార్లు తప్పు మనమడిగిన ప్రశ్నలోనే ఉంటుంది కనుక, విద్యార్థి రాతకన్నా ముందు దిద్దవలసింది ఆ ప్రశ్ననే.

సమస్య: "ఎందుకు" అని అడిగితే "ఏం జరిగింది" అన్నది రాస్తారు

ఫ్రెంచి విప్లవానికి కారణాలు రాయమంటే, 1789 మే 5న ఎస్టేట్స్ జనరల్ (మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అన్న మూడు వర్గాల ప్రతినిధుల సభ) సమావేశం, జూన్ 20న టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ, జూలై 14న బాస్టిల్ కోట పతనం అంటూ వరుసగా చెప్పుకుపోతారు. ముందు జరిగిందే తర్వాతి దానికి కారణమన్న నమ్మకం దీనికి మూలం. జ్ఞాపకశక్తితోనే గట్టెక్కగల ప్రశ్న ఆ నమ్మకాన్ని మరింత బలపరుస్తుంది.

ప్రశ్నను ఇలా మార్చి చూడండి: శతాబ్దాలుగా ఉన్న అసమానత 1789లోనే ఎందుకు బద్దలైంది? 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పుల చెల్లింపుకే పోయేదనీ, కొత్త పన్నుల కోసం 1614 తర్వాత ఎన్నడూ కూడని ఎస్టేట్స్ జనరల్ సభను పిలవవలసి వచ్చిందనీ, సరిగ్గా అదే కాలంలో పంట దెబ్బతిని రొట్టె ధర పెరిగిందనీ వారి ముందుంచండి. ఆ ఏడాది పంట బాగా పండి ఉంటే సభ జరిగేదా, వీధుల్లోకి అంతమంది జనం వచ్చేవారా అని విడివిడిగా అడగండి. ఈ రెండింటికీ ఒకే జవాబు రాదు. ఒక్కో కారణం ఒక్కో పని చేస్తుందన్న సంగతి విద్యార్థికి తట్టేది అక్కడే.

సమస్య: సామాజిక, ఆర్థిక, రాజకీయ కారణాలు జాబితాలా పడి ఉంటాయి

పాఠ్యపుస్తకపు ఉపశీర్షికలే జవాబుకు ఎముకల గూడు కావడం దీనికి కారణం. ఒక వారం పాటు "మరియు" అన్న మాటను తరగతిలో నిషేధించండి. (తెలుగు వాక్యానికి దాని అవసరం ఎటూ తక్కువే.) దాని స్థానంలో "అందువల్ల", "అయినప్పటికీ", "లేకపోయినట్లయితే" వంటి మాటలు వాడవలసి వస్తే, రెండు కారణాల మధ్య సంబంధమేమిటో తేల్చుకోకుండా వాక్యం ముందుకు సాగదు.

సమస్య: ఆధారాన్ని యథాతథంగా నమ్ముతారు, లేదా "పక్షపాతం" అని కొట్టిపారేస్తారు

బాస్టిల్ పడిన రోజున ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ తన డైరీలో "ఏమీ లేదు" అని రాసుకున్నాడు. రాజుకు ప్రజలు పట్టలేదని ఒక విద్యార్థి రాస్తే, రాజు రాతను నమ్మరాదని మరొకరు రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారన్న మూడు ప్రశ్నలను మొక్కుబడిగా పూరించే గడులుగా నేర్పడమే ఈ రెండు తప్పులకూ కారణం.

ఆ డైరీ ప్రధానంగా వేట వివరాల పట్టిక అని చెప్పి, ఇప్పుడు "ఏమీ లేదు" అంటే ఏమిటని అడిగితే, ఆ రోజు వేట గురించి రాసుకోవలసినదేమీ లేదని వారే గ్రహిస్తారు. తర్వాత అదే ఆధారానికి రెండు ప్రశ్నలు జోడించండి: పారిస్ అల్లర్ల గురించి రాజుకు ఏం తెలుసు? రాజు ఏ విషయాలను పద్దు రాసుకునేవాడు? మొదటిదానికి డైరీ దాదాపు నిరుపయోగం, రెండోదానికి అమూల్యం. ఆధారం విలువ అడిగిన ప్రశ్నను బట్టి మారుతుందన్న మాటను సూత్రంగా చెబితే మరచిపోతారు. ఇలా చేసి చూస్తే గుర్తుంటుంది.

సమస్య: ముగింపులో ఎటూ తేల్చరు

రెండు వైపులా చెబితే మార్కులు పోవన్న భయమే ఇందుకు కారణం. తమ నిర్ణయాన్ని మొదటి వాక్యంలోనే రాయించి, దానికి ఎదురు నిలిచే బలమైన ఆధారంతో చివరి పేరాను మొదలుపెట్టించండి. మొదటి ప్రతిలో అక్షరదోషాల జోలికి పోకుండా, వాదనకూ ఆధారానికీ లంకె తెగిన చోట మాత్రమే గీత గీసి తిరిగి ఇవ్వండి.