కరిగిన మేతను మళ్లీ గడ్డ కట్టించకండి: ఎండాకాలంలో ఇంట్లో ట్యాంకులో చేపలు పెంచేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న ఈదురుగాలులకు విజయవాడలో చాలా వీధుల్లో రాత్రంతా కరెంటు లేదు. మాకు తెలిసిన ఒకరింట్లో పొద్దున్నే ఫ్రిజ్ తెరిచి, విరిగిన పాలు పారబోశారు, పులిసిన పిండి పారేశారు. చేపల కోసం తెచ్చిన ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (చేపల మేతగా క్యూబుల్లో గడ్డ కట్టించి అమ్మే చిన్న ఎర్ర పురుగులు) ప్యాకెట్ మాత్రం మెత్తబడిందంతే కదా అని అలాగే ఉంచారు. కరెంటు వచ్చాక అది మళ్లీ రాయిలా గట్టిపడింది. మర్నాటి నుంచి రోజూ అవే క్యూబులు వేశారు. వారం తిరక్కుండానే డిస్కస్ చేపలు మేత ముట్టడం మానేసి, నల్లబడి, ఒక మూలకు చేరాయి. నీళ్లు టెస్ట్ చేస్తే, చేపల మలం, కుళ్లిన మేత నుంచి పుట్టే, సున్నా ఉండాల్సిన అమోనియా బాగా పెరిగిపోయి ఉంది. సగం చేపలు దక్కలేదు.

ఎక్కువ వేయొద్దు, మిగిలింది తీసేయండి లాంటివి అందరికీ తెలిసినవే. కరిగిన మేతను మళ్లీ గడ్డ కట్టించడమే ఎన్నో ట్యాంకుల్ని ఖాళీ చేయడం చూశాను కాబట్టి, నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

గడ్డ కట్టినంత మాత్రాన బ్యాక్టీరియా పూర్తిగా చావదు, నిద్రపోతుందంతే. మేత కరిగి గది వేడికి చేరిందంటే ఆ బ్యాక్టీరియా గంటగంటకూ పెరుగుతుంది. మళ్లీ గడ్డ కడితే ఆ పెరిగిందంతా క్యూబులోనే ఉండిపోతుంది. ఈలోగా పుట్టిన విషపదార్థాలు చలికి పోవు. ప్యాకెట్ మీద గామా కిరణాలతో శుద్ధి చేశామని ఉన్నా, కరిగి కారిన ప్యాకెట్‌కు ఆ భరోసా వర్తించదు. ఇంకో నష్టం ఏమిటంటే, ఇంటి ఫ్రీజర్‌లో మెల్లగా గడ్డ కట్టేటప్పుడు పెద్ద మంచు పలుకులు ఏర్పడి పురుగుల చర్మాన్ని చీలుస్తాయి. ట్యాంకులో వేయగానే లోపలి రసమంతా నీళ్లలో కలిసి కుళ్లుతుంది. చేప కడుపులోకి పోయేది తొక్క మాత్రమే.

ఎండాకాలంలో ఇది ఇంకా ప్రమాదం. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఎక్కువ కావాలి. వేడి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) పెరిగినకొద్దీ అమోనియాలో విషపు భాగమూ పెరుగుతుంది. బోరు నీళ్లకు పీహెచ్ ఎక్కువగా ఉన్న ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఒకసారి కరిగిన ప్యాకెట్‌ను చూపుతోనే పట్టుకోవచ్చు. మంచి క్యూబులో పురుగులు అంచుల దాకా సమానంగా ఉంటాయి. కరిగి గట్టిపడిన క్యూబులో ఒక పక్క పురుగులన్నీ ముద్దగా దిగి ఉంటాయి, ఇంకో పక్క ఎర్రటి గాజులాంటి మంచు కనిపిస్తుంది. ప్యాకెట్ రేకు లోపల మంచు పొడి పేరుకున్నా, ఎరుపు పోయి గోధుమ రంగు తిరిగినా అనుమానించాల్సిందే. షాపులో కొనేటప్పుడే ప్యాకెట్‌ను వెలుతురుకు పెట్టి చూడండి. షాపువాళ్ల ఫ్రీజర్ రాత్రి ఆగిందో లేదో మనకు తెలియదు, ఆ క్యూబు చెబుతుంది.

మీ ఫ్రీజర్ సంగతి తెలియాలంటే ఒక చిన్న కప్పులో నీళ్లు గడ్డ కట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి అక్కడే ఉంచండి. ఊరి నుంచి వచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. కిందికి దిగి గడ్డలో ఇరుక్కుని ఉంటే మధ్యలో అంతా కరిగిందని అర్థం. ప్యాకెట్ పారేయండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌కు ఫ్యాన్లు, లైట్లే ఉంటాయి, ఫ్రిజ్ ఉండదు. ఈ సంగతి మర్చిపోవద్దు.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకండి. తెరవకుంటే కొన్ని గంటలు చలి నిలుస్తుంది. క్యూబు ఇంకా గట్టిగా ఉంటే ఫర్వాలేదు. రేకు మీద నుంచి వేలితో నొక్కితే దిగిందంటే మళ్లీ గడ్డ కట్టించొద్దు.

షాపు నుంచి థర్మాకోల్ డబ్బాలో, ఐస్ ప్యాక్ పెట్టుకుని తెచ్చుకోండి. బండి డిక్కీలో వేసుకుని ఎండలో ఇంకో పని చూసుకుని రావద్దు.

ఆ పూటకు కావలసిన క్యూబులే బయటికి తీయండి. ట్యాంకు నీళ్లు కొంచెం కప్పులో పోసి అందులో కరిగించండి. వేడినీళ్లు వద్దు. మైక్రోవేవ్ అసలే వద్దు.

కరిగాక టీ వడపోతలో పోసి ఆ ఎర్రనీళ్లు పారబోయండి. కొంత పోషకం పోతుంది, నిజమే. కానీ ఆ నీళ్లే ట్యాంకును ముందుగా పాడుచేస్తాయి.

క్యూబును గడ్డగా ట్యాంకులో పడేయొద్దు. ఆశగా ఉన్న చేప గడ్డనే మింగేస్తుంది.

రోజూ బ్లడ్‌వార్మ్స్ ఒకటే వద్దు. ఆర్టీమియా, డాఫ్నియా (రొయ్యల జాతికి దగ్గరైన చిన్న నీటి జీవులు) మార్చి మార్చి వేయండి.

నాచు తిని బతికే ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలకు బ్లడ్‌వార్మ్స్ వేయొద్దు, పొట్ట ఉబ్బుతుంది.

గొడ్డు గుండె మాంసం డిస్కస్‌కు వేసేవాళ్లు కొవ్వు పూర్తిగా తీసేయాలి. దాని కొవ్వు చేపకు అరగదు.

వేళ్లతో ముట్టుకోవద్దు. బ్లడ్‌వార్మ్స్ కొందరికి దురద, తుమ్ములు, ఆయాసం తెప్పిస్తాయి. ఆస్తమా ఉన్న పిల్లల చేత వేయించొద్దు.

మేత ప్యాకెట్‌ను ఫ్రీజర్‌లో మూత గట్టిగా ఉన్న వేరే డబ్బాలో పెట్టండి. ఐస్ ట్రే పక్కన వద్దు.

మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వద్దు. అర క్యూబు మిగిలినా వద్దు.

అనుమానపు మేత ఇప్పటికే వేసి ఉంటే మేత ఆపండి, అడుగున ఉన్నది పైపుతో లాగేయండి, క్లోరిన్ తీసిన నీళ్లతో మూడో వంతు మార్చండి, ఎయిర్ పంప్ పెంచండి, మర్నాడు అమోనియా మళ్లీ చూడండి.

సెలవులకు ఊరెళ్తూ ఫ్రోజెన్ మేత పక్కింటివాళ్లకు అప్పగించొద్దు. పొడి మేత రోజుకొక పొట్లం చొప్పున కట్టి ఇవ్వండి. తిరిగి వచ్చాక ముందు రూపాయి బిళ్ల చూడండి, ఆ తర్వాతే ప్యాకెట్ ముట్టుకోండి.