బ్యాలెన్స్ బోర్డు ఎక్కే ముందు చూసుకోవలసినవి

నిలబడి పనిచేసే బల్ల దగ్గర వాడుకోవడానికి బ్యాలెన్స్ బోర్డు (ఎక్కి నిలబడితే కాళ్ల కింద అటూ ఇటూ ఒరిగే పలక) కొన్నవారు, మొదటిరోజు దానిపై కాలు మోపే ముందు ఈ కొన్ని సంగతులు సరిచూసుకోవాలి.

నున్నటి టైల్స్ మీద, గ్రానైట్ గచ్చు మీద బోర్డును నేరుగా పెట్టకండి. అది ఒక్కసారిగా పక్కకు జారితే పడబోయే మనిషి తనకు తెలియకుండానే చేయి చాపుతాడు కనుక, బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరిగే ప్రమాదం ఉంది. కింద జారని రబ్బరు మ్యాట్ తప్పనిసరి. వెనుక గాజు తలుపు గానీ మంచం అంచు గానీ ఉండకూడదు.

విడి గొట్టం మీద పలక దొర్లే రకం వద్దు. చూపు తెరపై, చేతులు కీబోర్డుపై ఉన్నప్పుడు దాన్ని అదుపు చేయడం కష్టం. కొద్దిగా మాత్రమే ఒరిగే బోర్డు ఈ పనికి చాలు.

మధుమేహంతో అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు, కళ్లు తిరిగే సమస్య ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల చీలమండ బెణికినవారు వైద్యుణ్ణి అడగకుండా ఎక్కకండి. పాదాల నుంచి అందే స్పర్శ కూడా మెదడుకు శరీరాన్ని నిలకడగా ఉంచడంలో సాయపడుతుంది కాబట్టి, ఇంట్లో పెద్దవారి విషయంలో ఈ మాటను దయచేసి తేలికగా తీసుకోకండి.

బోర్డు ఎంత ఎత్తుందో బల్లనూ తెరనూ అంత పైకి జరపండి. లేకుంటే మెడ, నడుము వంగిపోతాయి.

మొదటి వారం ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలే నిలబడండి. పిక్కలు అలసిపోయాక మోకాళ్లు బిగుసుకుని తూలడం మొదలవుతుంది.

మీటింగు వినేటప్పుడు బోర్డు మీద ఉండవచ్చు. లెక్కలు సరిచూసేటప్పుడు మాత్రం దిగిపోండి.