పండక్కి డిక్కీ చాలడం లేదా? తేడా ఎక్కడుందో చూసి బండి ఎంచుకోండి

సంక్రాంతికి హైదరాబాదు నుంచి తెనాలి దగ్గర మా ఊరికి వెళ్ళేటప్పుడు బండి సగం ఖాళీగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలోనే అసలు పరీక్ష. బియ్యం బస్తాలు, కొబ్బరికాయల గోనె, అరిసెల డబ్బాలు, పచ్చడి జాడీలు, వాటి మీద పిల్లల సంచులు. మైలేజీ గురించి, సన్‌రూఫు గురించి నెలల తరబడి ఆరా తీసే మనం డిక్కీ మూత ఎత్తి చూసేది ఒక్క నిమిషం. కింద రాసినవన్నీ మా ఇంట్లోనో, చుట్టాల ఇళ్ళలోనో ఎదురైన ఇబ్బందులే.

లీటర్లు సరిపడా ఉన్నాయి, పెట్టె మాత్రం పట్టదు

నాలుగు మీటర్లలోపు సెడాన్ (వెనక డిక్కీ విడి గదిగా ఉండే కారు) కొన్నవాళ్ళ ఫిర్యాదు ఇది. అమెరికా నుంచి వచ్చేవాళ్ళను శంషాబాదులో ఎక్కించుకునేటప్పుడు తప్పకుండా బయటపడుతుంది.

కారణం లెక్కలోనే ఉంది. డిక్కీ కొలిచే పద్ధతుల్లో బాగా వాడేది దిమ్మల పద్ధతి. 20 సెం.మీ. పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న లీటరు దిమ్మలు ఎన్ని పడితే అన్ని లీటర్లు. చిన్న దిమ్మ ప్రతి మూలలోకీ దూరుతుంది, పెట్టె దూరదు. 78 × 50 × 32 సెం.మీ. పెద్ద సూట్‌కేసు దాదాపు 125 లీటర్లు. కాగితం మీద 380 లీటర్ల డిక్కీలో మూడు పట్టాలి. మాకు పట్టినవి రెండే. మూడోది పక్కకు తిప్పి పెడితే మూత కమ్మీలు దాని మీదకు దిగాయి. చాలా సెడాన్ల మూతకు రెండు పక్కలా వంకీ తిరిగిన ఇనుప కమ్మీలుంటాయి, మూత వేస్తే అవి సామాను మధ్యకే వస్తాయి. తెరిచిన డిక్కీని చూస్తే ఈ సంగతి తట్టదు.

చిన్న సెడాన్లు ఇలా ఎందుకు తయారయ్యాయో కూడా చెప్పాలి. 2006 నుంచి నాలుగు మీటర్లలోపు బండ్లకు పన్ను తగ్గింది. 2008లో వచ్చిన మొదటి మారుతి డిజైర్ పొడవు 4,160 మి.మీ., డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని 3,995 మి.మీ.కు కుదించారు, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. 2017 మోడల్లో మళ్ళీ 378కి పెంచారు. అంటే పన్ను కోసం కోత పడింది మన సామాను చోటుకే.

పరిష్కారం: షోరూముకు మీ ఇంట్లోని పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్ళండి. మొహమాటం వద్దు, లక్షలు పెట్టేది మీరు. పెట్టె లోపల పెట్టి మూత వేసి చూడండి. టేపుతో మూడు కొలవండి: డిక్కీ నోరు ఎంత వెడల్పు, లోపల చక్రాల గూళ్ళ మధ్య ఎంత, నేల నుంచి అంచు ఎంత ఎత్తు. అంచు ఎత్తుగా ఉంటే నడుం నొప్పి ఉన్నవాళ్ళు బస్తా ఎత్తలేరు. సూట్‌కేసులే ఎక్కువైతే హోండా సిటీ (506 లీటర్లు), వెర్నా (528) లాంటి పొడవాటి సెడాన్ మేలు. బస్తాలు, సైకిలు, కూలరు లాంటివైతే వెనక తలుపు మొత్తం పైకి లేచే హ్యాచ్‌బ్యాక్ గానీ ఎస్‌యూవీ గానీ కావాలి. వాటిలో వెనక సీటు మడిస్తే పొడవాటి వస్తువూ పడుతుంది. చిన్న సెడాన్లలో చాలావాటికి ఆ సీటు మడవదు. ఇప్పటికే సెడాన్ ఉందా? గట్టి పెట్టెలు ఒకటికి తగ్గించి, మిగతావి మెత్తటి గుడ్డ సంచుల్లో సర్దండి. మూలలన్నీ నిండుతాయి.

ఏడుగురికి సీటుంది, ఏడుగురి సామానుకు చోటు లేదు

అమ్మానాన్నలతో కలిసి తిరుపతి వెళ్దామని ఏడు సీట్ల బండి కొంటారు. మూడో వరుస నిలబెట్టాక డిక్కీలో మిగిలేది జానెడు. ఎర్టిగాలో మూడు వరుసలూ నిలిపితే 209 లీటర్లు, మూడో వరుస మడిస్తే 550. ట్రైబర్‌లో 84 నుంచి 625. ఇన్నోవా క్రిస్టాలో అన్ని సీట్లూ నిలిపి 300 లీటర్లు. దాని మూడో వరుస రెండు ముక్కలై పక్కలకు లేచి కూర్చుంటుంది కాబట్టి వెడల్పు తినేస్తుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఎన్ని సీట్లని కాదు, ఒకేసారి ఎంతమంది, ఏడాదికి ఎన్నిసార్లు అని. నిత్యం ఐదుగురే ఎక్కి, ఎప్పుడైనా ఇంకొకరు కలిస్తే ఎర్టిగా పద్ధతి చక్కగా ఉంటుంది: మూడో వరుసలో సగం మడిచి ఆరుగురు, మిగతా సగంలో సామాను. ఏడాదికి రెండుసార్లే ఏడుగురు వెళ్ళేట్టయితే ఐదు సీట్ల బండి కొని ఆ రెండుసార్లూ పెద్ద బండి అద్దెకు తీసుకోవడమే నయమని నా అభిప్రాయం.

సీఎన్‌జీ బండి, డిక్కీ మాయం

మా చెల్లెలి అనుభవం ఇది. మైలేజీ చూసి సీఎన్‌జీ (గ్యాసుతో నడిచే) బండి తీసుకున్నారు. పండగ అయ్యాక నాన్న సొంత పొలం బియ్యం నాలుగు బస్తాలు తెచ్చి పెడితే, డిక్కీలో అడ్డంగా సిలిండరు. "అన్నయ్యా, నాన్న ఇచ్చిన బియ్యం ఇక్కడే వదిలిపోవాలా?" అంది. ఆ రోజు బస్తాలు నా బండిలో వేసుకొచ్చాను. షోరూములో ఆ డిక్కీ ఎవరూ తెరిచి చూపించలేదు, వీళ్ళూ అడగలేదు.

పాత పద్ధతిలో ఒకటే పెద్ద సిలిండరు, సుమారు 60 లీటర్లది. దాని చుట్టూ మిగిలేవి సందులే. సీఎన్‌జీయే కావాలనుకుంటే రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కిందికి నెట్టిన మోడళ్ళు చూడండి. టాటా ఆల్ట్రోజ్‌లో 2023లో 30 లీటర్లవి రెండు పెట్టి 210 లీటర్ల చోటు మిగిల్చారు. అలాంటి వాటిలో స్టెప్నీ ఎక్కడ పెట్టారో, అసలు ఇచ్చారో లేదో తప్పక అడగండి.

సామాను పట్టింది, బండి వెనక కూలబడింది

స్పీడ్ బ్రేకరుకు బండి అడుగు భాగం తగలడం, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడటం దీని గుర్తులు. చోటుకూ బరువుకూ సంబంధం లేదు. ఇప్పుడు బజారులో దొరికే బియ్యం బస్తా 26 కిలోలు (2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశాక మిల్లులు అటు మారాయి). నాలుగు బస్తాలు 104 కిలోలు. 65 కిలోల మనుషులు ఐదుగురు 325. మొత్తం 429. బండితో ఇచ్చిన పుస్తకంలో మొత్తం బరువు పరిమితి నుంచి ఖాళీ బండి బరువు తీసేయండి, మోయగలిగేది తేలుతుంది. మీ లెక్క దాన్ని దాటితే ఒక మనిషో రెండు బస్తాలో దిగాల్సిందే.

దాటకపోతే టైర్లలో గాలి సరిచేయండి. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత గాలో రాసి ఉంటుంది. బస్తాలు వెనక సీటుకు ఆనించి కింద పెట్టండి, తేలికవి పైన. డ్యాష్‌బోర్డు పక్కన హెడ్‌లైటు కిందికి దించే చక్రం ఉంటే తిప్పండి.

పచ్చడి వాసన, వెనక నుంచి ఎగిరొచ్చే డబ్బాలు

హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో డిక్కీ, కూర్చునే చోటు ఒకటే గది. ఎండుచేపలు తెస్తే ఏసీలో అందరికీ వాసన. సెడాన్‌లో ఈ బాధ చాలా తక్కువ. వాసన సంగతి అలా ఉంచి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు ఎత్తుకు మించి పేర్చిన సామాను ముందుకు ఎగిరి పిల్లల తలలకు తగులుతుంది. సీటు అంచు దాటి ఏదీ పేర్చకండి. అంతకన్నా ఎత్తు తప్పకపోతే డిక్కీ నేల మీదున్న కొక్కేలకు వల కట్టండి. జాడీని మాత్రం స్టీలు బకెట్టులో దించి, చుట్టూ పాత దుప్పటి కుక్కి, ముందు సీటు వెనక కాళ్ళ దగ్గర నేల మీద పెట్టండి.