గుండె కండరం జన్యు పరీక్షకు ముందు జాగ్రత్తలు

ఇంట్లో ఎవరికి గుండె కండరం మందమైనట్లు ఎకో (గుండె స్కానింగ్)లో తేలిందో వారికే మొదట ఈ పరీక్ష చేయించాలి. ఆరోగ్యవంతులతో మొదలుపెడితే, ఏమీ దొరకలేదన్న ఫలితానికి పెద్దగా అర్థం ఉండదు. సాధారణ సీక్వెన్సింగ్‌లో (జన్యువులోని డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివే పద్ధతి) జన్యువులోని పెద్ద ముక్క లోపించడం, రెట్టింపు కావడం కంటపడకపోవచ్చు కనుక, ఎంఎల్‌పీఏ వంటి పద్ధతిలో వాటినీ చూస్తారో లేదో తిరుపతిలో రక్తం ఇచ్చే ముందే అడగండి. మన దేశంలో సుమారు 4 శాతం మందిలో కనిపించే, ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులోని 25 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) లోపం వేరే సంగతి. అది ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు.

ఇటీవల రక్తం ఎక్కించుకున్నా, ఎముక మజ్జ మార్పిడి జరిగినా తప్పక చెప్పాలి. పరగడుపు అక్కర్లేదు.

మూడు తరాల వివరాలు, ముఖ్యంగా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారివి, రాసి తీసుకెళ్లండి. మేనరికాలు ఉంటే దాచవద్దు, మన చిత్తూరు వైపు అవి వింతేమీ కాదు.