ఇంజిన్ కట్టాక బండి లాగట్లేదా? ముందు టైమింగ్ గుర్తులు చూడండి

నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువగా తిరిగే స్ప్లెండర్ లాంటి చైన్ టైమింగ్ బండ్ల గురించే ఇది. అంటే పిస్టన్ తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌ను ఇంజిన్ లోపలి చైన్ తిప్పే బండ్లు. ట్రాక్టర్లది వేరే లెక్క.

స్టార్ట్ అవుతోంది, లాగట్లేదు

ఒక్కరే వెళ్తే ఫర్వాలేదు. ఇద్దరెక్కితే చెరువుగట్టు గుట్ట దగ్గర ఫస్ట్ గేర్‌కి దిగాల్సిందే. చాలామంది కార్బ్యురేటర్ మీద పడతారు. కొత్తగా కట్టిన ఇంజిన్‌లో నా మొదటి అనుమానం మాత్రం చైన్ ఒక పన్ను తప్పిందనే. క్యామ్ స్ప్రాకెట్‌కి 36 పళ్లున్నాయనుకుంటే, ఒక్క పన్నుకు క్యామ్ 10 డిగ్రీలు జరుగుతుంది. క్యామ్ ఒక చుట్టుకు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కలో అది 20 డిగ్రీలు. వాల్వులు వేళ తప్పి మూసుకుంటాయి, కంప్రెషన్ పోతుంది.

ప్లగ్ తీసేసి, బండి నడిచేటప్పుడు తిరిగే వైపే మ్యాగ్నెట్‌ను (క్రాంక్ చివర ఉండే చక్రం) స్పానర్‌తో తిప్పండి. దాని మీది టి గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) కేసు మీది గాటుకు రాగానే ఆపాలి. పక్కనే ఉండే ఎఫ్ గుర్తు స్పార్క్ పడే చోటు. తొందరలో దానికే కట్టేస్తుంటారు. టి దగ్గర ఆపినప్పుడు క్యామ్ స్ప్రాకెట్ గుర్తు హెడ్ మీది గాటుకు సూటిగా ఉండాలి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టొద్దు, చైన్ లూజు అవతలి వైపుకు పోతుంది. ముందుకే తిప్పుకుంటూ మళ్లీ రండి. చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ బిగించాక ఇంకోసారి చూడండి.

ఏ పన్నుకు వేసినా అర పన్ను తేడా వస్తోందంటే చైన్ సాగింది, లేదా పళ్లు అరిగాయి. టైమింగ్ చైన్ కిట్ మార్చడమే మేలు.

గుర్తులు కలిశాయి, అయినా అంతే

మ్యాగ్నెట్ కీ (మ్యాగ్నెట్ క్రాంక్ మీద జరగకుండా పట్టే చిన్న ముక్క) చూడండి. అది తెగితే మ్యాగ్నెట్ పక్కకు జరిగి, టి గుర్తు కూడా దాంతోపాటే జరుగుతుంది. ప్లగ్ రంధ్రంలో మెత్తని ప్లాస్టిక్ స్ట్రా పెట్టి పిస్టన్ పైకొచ్చే చోటు చూసుకోవచ్చు. పైన పిస్టన్ కాసేపు కదలనట్టే ఉంటుంది కాబట్టి కంటి అంచనా చాలదు. స్ట్రా ఒక ఎత్తుకు ఎక్కుతూ వచ్చినప్పుడు మ్యాగ్నెట్ మీద ఒక గీత, దిగుతూ అదే ఎత్తుకు వచ్చినప్పుడు ఇంకో గీత పెట్టండి. రెంటికీ సరిగ్గా మధ్యది అసలు టాప్. టి అక్కడ లేకపోతే మ్యాగ్నెట్ విప్పాల్సిందే.

తిప్పుతుంటే టక్కుమని ఆగింది

బలం పెట్టకండి. వాల్వు పిస్టన్‌కి తగులుతూ ఉండొచ్చు. కిక్ కొడితే వాల్వు వంగుతుంది. అందుకే కవర్ మూయకముందే చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి.

టప్పెట్ల మోత

టి గుర్తు ప్రతి చుట్టుకూ వస్తుంది. టప్పెట్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్) సెట్ చేయడానికి ఒక చుట్టు మాత్రమే పనికొస్తుంది. వాల్వులను నొక్కే రెండు రాకర్లూ చేతికి కాస్త ఆడాలి. ఆడకపోతే అది ఎగ్జాస్ట్ అయిపోయే చోటు. అక్కడ గ్యాప్ పెడితే వాల్వులు మూసుకున్నాక గ్యాప్ చాలా ఎక్కువై టకటకా కొట్టుకుంటాయి. ఇంకో చుట్టు తిప్పి సెట్ చేయండి.

చైన్ వేసేటప్పుడు "క్యామ్ సగం చుట్టు తిరగబడిందేమో" అని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఈ బండ్లలో స్పార్క్ క్రాంక్ ప్రతి చుట్టుకూ పడుతుంది, అందుకని అలా వేసినా బండి మామూలుగానే నడుస్తుంది. ట్రాక్టర్‌లో డీజిల్ పంపు కూడా టైమింగ్‌తో కలిసి తిరుగుతుంది, అక్కడ ఈ మాట చెల్లదు.

గ్యాప్ ఎంతో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) పెట్టండి.